గుడ్డుకు గడువు కాచే సూది

పోయిన ఎండాకాలం ఆళ్లగడ్డలో మా చిన్నమ్మ కూతురింట్లో నాలుగు రోజులున్నాను. రాత్రి ఎనిమిదయ్యేసరికి చెల్లెలు చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కునేది. ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె వెనక పెట్టుకున్న చిన్న అట్టపెట్టె తీసి, మంచం మీద ఉతికిన తువ్వాలు పరిచి, దాని మీద ఒక్కో వస్తువూ వరసగా పేర్చేది. వేలెడంత గాజుసీసా, దాని అడుగున చిటికెడు తెల్లపొడి. నీళ్లు నింపిన సిరంజి. రెండు సూదులు, ఒకటి లావుది, ఒకటి సన్నది. లావు సూదితో నీళ్లు సీసాలోకి వదిలి, గట్టిగా ఊపకుండా అరచేతుల మధ్య మెల్లగా తిప్పేది. పొడి కరిగి తేటనీరయ్యాక మళ్లీ సిరంజిలోకి లాగి, సన్న సూది తగిలించి, బొడ్డుకు కాస్త ఎడంగా చర్మం మడతపట్టి గుచ్చుకునేది.

మరిది శిల్పి. పగలంతా రోడ్డు పక్క షెడ్డులో రాయి చెక్కి, దుమ్ము కడుక్కుని వచ్చి, ఆ ఐదు నిమిషాలూ గుమ్మం దగ్గరే నిలబడేవాడు. దేవుడి విగ్రహానికి కళ్లు తెరిచే మనిషి, ఆ సన్న సూది వైపు మాత్రం చూడలేక మొహం తిప్పుకునేవాడు.

"పొద్దున ఒకటి వేసుకుంటివి కదమ్మా, మళ్లీ ఇదేంది?" అని అడిగాను.

"పొద్దునది గుడ్లు పెరిగేదానికక్కా. ఇది పెరిగిన గుడ్లు డాక్టరమ్మ చెప్పేదాకా బయటికి పోకుండా నిలిపేదానికంట" అంది.

పెంచే సూది సంగతి ఇప్పుడు ఊళ్లలో కూడా చాలామందికి తెలుసు. నిలిపే సూది సంగతి తెలిసినవాళ్లు తక్కువ. ఆ చిటికెడు పొడిలో దాదాపు అరవై ఏళ్ల పని దాగి ఉంది. నంద్యాల, ఆళ్లగడ్డల్లో దాన్ని వాడుతున్న ప్రతి ఇంటికీ ఆ కథ తెలియాలనిపించి రాస్తున్నాను.

తూము ఎప్పుడు లేస్తుంది?

మా ప్రాంతంలో కేసీ కాలువ కింద సాగుచేసే రైతుకు ఈ విషయం చెప్పడం తేలిక. మడిలోకి నీళ్లు ఎంత రావాలన్నది ఎంత ముఖ్యమో, తూము ఎప్పుడు ఎత్తాలన్నదీ అంతే ముఖ్యం. నారు నిలదొక్కుకోకముందే తూము లేస్తే పంట కొట్టుకుపోతుంది.

ఆడవాళ్ల ఒంట్లో ఆ తూము దగ్గర కాపలా ఉండేది మెదడు. మెదడు అడుగున హైపోథాలమస్ అనే చిన్న భాగం ఉంది. అది గంటకో, గంటన్నరకో ఒకసారి చిన్న చిన్న విడతలుగా ఒక హార్మోన్ వదులుతుంది. దాని పేరు జీఎన్‌ఆర్‌హెచ్. అది కిందనే వేలాడే పీయూష గ్రంథికి చేరుతుంది. పీయూష గ్రంథి దాని మాట విని రెండు హార్మోన్లు పంపుతుంది. ఎఫ్‌ఎస్‌హెచ్ అండాశయంలో గుడ్డున్న నీటితిత్తిని పెంచుతుంది. డాక్టర్లు దాన్ని ఫాలికల్ అంటారు. ఫాలికల్ పెరిగేకొద్దీ రక్తంలో ఈస్ట్రోజెన్ పెరుగుతుంది. అది ఒక స్థాయి దాటి రెండు రోజుల పాటు నిలిచిందంటే, గుడ్డు పక్వానికొచ్చిందని మెదడు లెక్కగడుతుంది. అప్పుడు పీయూష గ్రంథి నుంచి రెండో హార్మోన్ ఎల్‌హెచ్ ఒక్కసారిగా ఉప్పెనలా వస్తుంది. ఆ ఉప్పెన మొదలైన ఒకటిన్నర రోజుకు ఫాలికల్ పగిలి గుడ్డు బయటికొస్తుంది.

నెలకు ఒకే గుడ్డు పెరిగే సహజ పద్ధతిలో ఈ లెక్క తప్పదు. ఐవీఎఫ్‌లో, అంటే టెస్ట్ ట్యూబ్ వైద్యంలో, మాత్రం అది తప్పడానికే అవకాశం ఎక్కువ. అక్కడ సూదులతో పది పన్నెండు ఫాలికల్స్‌ను ఒకేసారి పెంచుతారు. ఒక్కోటి కొంచెం కొంచెంగా ఇచ్చే ఈస్ట్రోజెన్ అంతా కలిసి, ఏ ఒక్క గుడ్డూ పూర్తిగా పండకముందే ఆ స్థాయిని దాటేస్తుంది. ఫాలికల్స్ ఎన్నున్నాయో మెదడుకు కనబడదు, అందే మొత్తం ఒక్కటే తెలుస్తుంది. పంట సిద్ధమైందనుకుని తూము ఎత్తేస్తుంది. గుడ్లు కడుపులోకి జారిపోతే వాటిని మళ్లీ పట్టుకోవడం అయ్యే పని కాదు.

నా చిన్నతనంలో నంద్యాలలో మా ఇంటి పక్కన ఒక టీచరమ్మ ఉండేది. తొంభైల మొదట్లో నగలు కుదువపెట్టి, సెలవు పెట్టి, దూరాన ఒక నగరంలో నెల రోజులు గది అద్దెకు తీసుకుని టెస్ట్ ట్యూబ్ వైద్యం చేయించుకుంది. గుడ్లు తీయాల్సిన రోజుకు ముందు స్కాన్ చేసి, అవి ముందే విడుదలైపోయాయని చెప్పి పంపేశారట. ఆమె తిరిగొచ్చిన సాయంత్రం మా అమ్మ దగ్గర కూర్చుని, "తప్పు నాదేనేమో అక్కా, బస్సులో ఎక్కువ తిరిగినా" అని ఏడ్చింది. అందులో ఆమె తప్పేమీ లేదని చెప్పగలిగే చదువు మా అమ్మకూ లేదు. ఆ మాట చెప్పడానికి నాకు ముప్పై ఏళ్లు పట్టింది.

గడియారం ముందు కూర్చున్న డాక్టర్లు

ప్రపంచంలో మొదటి టెస్ట్ ట్యూబ్ బేబీ లూయిస్ బ్రౌన్ 1978 జులై 25న ఇంగ్లండ్‌లోని ఓల్డ్‌హామ్‌లో పుట్టింది. రాబర్ట్ ఎడ్వర్డ్స్, పాట్రిక్ స్టెప్టో, జీన్ పర్డీ కలిసి సాధించిన పని అది. అంతకుముందు ఏళ్ల తరబడి మందులతో గుడ్లు పెంచి ప్రయత్నించి విసిగిపోయి, చివరికి మందులు పక్కన పెట్టారు. సహజంగా పెరిగే ఆ ఒక్క గుడ్డు కోసమే కాచుకున్నారు. మూడు గంటలకోసారి మూత్రం తీసి, ఎల్‌హెచ్ ఉప్పెన మొదలైందా అని చూసేవాళ్లు. మొదలైందని తేలితే అక్కడి నుంచి గంటలు లెక్కపెట్టి, అది అర్ధరాత్రయినా తెల్లవారుజామైనా సరే, ఆపరేషన్ గదికి పరుగెత్తాలి. తూమును ఆపడం చేతకాని రోజుల్లో దాని వేళకు మనుషులే నిద్ర మానుకుని కూర్చున్నారు.

అదే ఏడు అక్టోబరు 3న కలకత్తాలో డాక్టర్ సుభాష్ ముఖర్జీ కృషితో మన దేశపు మొదటి టెస్ట్ ట్యూబ్ బేబీ పుట్టింది. ఓల్డ్‌హామ్ వాళ్లు వదిలేసిన దారినే ఆయన పట్టుకున్నారు. ముట్లుడిగిన స్త్రీల మూత్రం నుంచి తీసిన హార్మోన్ సూదులతో ఎక్కువ గుడ్లు పెంచారు. పిండాన్ని గడ్డకట్టించి దాచి, తర్వాతి నెలల్లో గర్భంలో పెట్టారు. ఈ రెండూ ఇవాళ ప్రతి ఐవీఎఫ్ కేంద్రంలో రోజూ జరిగే పనులే. ఆయన కాలంలో నమ్మినవాళ్లు లేరు. విచారణ పేరుతో అవమానించి, సంబంధం లేని శాఖకు బదిలీ చేశారు. 1981 జూన్ 19న ఆయన ప్రాణం తీసుకున్నారు. 1986 ఆగస్టు 6న ముంబై కేఈఎం ఆస్పత్రిలో పుట్టి, దేశంలో మొదటిదనిపించుకున్న బిడ్డ వెనుక ఉన్న శాస్త్రవేత్త టి.సి. ఆనంద్ కుమార్, తర్వాత ముఖర్జీ కాగితాలన్నీ చదివి, మొదటి ఘనత ఆయనదేనని 1997లో అచ్చులో ఒప్పుకున్నారు. తన పేరు మీదున్న గౌరవాన్ని చనిపోయిన మనిషికి అప్పగించిన ఆ పెద్దమనసును మనం మరిచిపోకూడదు.

ఎనభైల్లో అన్ని దేశాల వాళ్లూ ముఖర్జీ లాగే మందులతో ఎక్కువ గుడ్లు పెంచే దారికే వచ్చారు. రాగానే తూము సమస్య ఎదురైంది. ఐదు ప్రయత్నాల్లో ఒకటి, ఎల్‌హెచ్ ముందే ఎగదన్నడంతో మధ్యలోనే ఆగిపోయేది. మా టీచరమ్మ లాంటివాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉండేవాళ్లు.

లక్షన్నర పందులు, పది పూసలు

ఆ ఉప్పెనను ఆపాలంటే పీయూష గ్రంథికి ఆజ్ఞ ఇచ్చే హార్మోన్ ఏమిటో తెలియాలి. మెదడు రసాయనాలతో పీయూష గ్రంథిని నడిపిస్తుందని ఇంగ్లండ్‌లో జెఫ్రీ హారిస్ 1950ల నాటికే గట్టిగా వాదించారు. ఆ రసాయనాన్ని చేతికి తెచ్చుకోవడానికి మాత్రం ఇంకా చాలా ఏళ్లు పట్టింది, అది మెదడులో అంత తక్కువగా ఉంటుంది.

దాని వెంట ఇద్దరు పడ్డారు. ఒకరు ఫ్రాన్స్‌లో పుట్టిన రోజర్ గిల్లెమిన్. ఇంకొకరు అప్పటి పోలండ్‌లోని విల్నోలో పుట్టి, యుద్ధకాలంలో ఊరు వదిలిన ఆండ్రూ షాలీ. ఇద్దరూ అమెరికాలోని హ్యూస్టన్‌లో కొన్నాళ్లు ఒకే ప్రయోగశాలలో పనిచేశారు. 1962లో విడిపోయారు. అక్కడి నుంచి దాదాపు పదేళ్లు ఒకరిని మించాలని ఒకరు పోటీపడ్డారు. గిల్లెమిన్ గొర్రెల మెదళ్లు పోగుచేశారు. షాలీ న్యూ ఆర్లీన్స్‌లోని మాజీ సైనికుల ఆస్పత్రిలో ప్రయోగశాల పెట్టుకుని, మాంసం కంపెనీ ఇచ్చే పందుల మెదళ్లు తెప్పించుకున్నారు. ఒక్కో మెదడు నుంచి గోరంత ముక్క కోసి, దంచి, వడగట్టి, మళ్లీ వడగట్టి సారం తీయాలి. లక్షన్నరకు పైగా పందుల నుంచి షాలీ బృందానికి దక్కిన శుద్ధమైన హార్మోన్ ఒక మిల్లీగ్రాము కూడా లేదు. ఆవగింజ బరువు కూడా లేని ఆ పొడిని పట్టుకుని హిసయుకి మత్సువో, యోషిహికో బాబా అనే జపాన్ రసాయన శాస్త్రవేత్తలు దాని నిర్మాణం తేల్చారు. 1971లో షాలీ దాన్ని లోకానికి చెప్పారు. కొద్దికాలానికే గిల్లెమిన్ బృందం గొర్రెల నుంచి తీసింది కూడా అదేనని తేలింది.

చూస్తే అది పది అమైనో ఆమ్లాల చిన్న గొలుసు, పది పూసల దండ లాంటిది. 1977లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. రక్తంలో అతి సూక్ష్మమైన హార్మోన్లను కొలిచే పద్ధతి కనిపెట్టిన రోజలిన్ యాలో కూడా ఆ బహుమతిలో భాగస్వామి. ఆమె కొలత లేకపోతే ఎల్‌హెచ్ ఎప్పుడు ఎగిసిందో తెలిసే దారే ఉండేది కాదు. పోటీపడిన ఆ ఇద్దరూ నిండు వయసు చూసి, ఒకే ఏడాది, 2024లో, కన్నుమూశారు.

ఎక్కువిస్తే ఆగిపోతుంది

హార్మోన్ దొరికాక మొదట అందరూ అనుకున్నది ఒకటే: దీన్ని ఇస్తే గుడ్లు విడుదలవుతాయి, పిల్లలు లేనివాళ్లకు పిల్లలు పుడతారు. పిట్స్‌బర్గ్‌లో ఎర్న్‌స్ట్ నోబిల్ కోతుల మీద ప్రయోగం చేసి ఎవరూ ఊహించని సంగతి చూశారు. గంటకోసారి కొద్దికొద్దిగా ఇస్తే పీయూష గ్రంథి చక్కగా పనిచేసింది. అదే హార్మోన్‌ను ఆపకుండా ధారగా ఇస్తే, కొన్నాళ్లకు ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ రెండూ పూర్తిగా పడిపోయాయి. 1978లో ఆయన బృందం ఇది ప్రకటించింది. తలుపు అదేపనిగా తడుతుంటే ఇంట్లోవాళ్లు పలకడం మానేసినట్టు, పీయూష గ్రంథి కూడా చెవులు మూసుకుంది.

ఆ చెవుడునే వైద్యులు వాడుకున్నారు. జీఎన్‌ఆర్‌హెచ్‌కు బలమైన నకళ్లు, బుసెరెలిన్, ల్యూప్రోలైడ్ వంటివి అప్పటికే తయారయ్యాయి. 1984లో లండన్ వైద్యుల బృందం బుసెరెలిన్‌తో ముందు పీయూష గ్రంథిని నిద్రపుచ్చి, తర్వాత గుడ్లు పెంచే పద్ధతి ప్రకటించింది. అదే ఇప్పటికీ మన డాక్టర్లు లాంగ్ ప్రోటోకాల్ అనే పద్ధతి. అది నిజంగా పెద్ద మలుపు. డాక్టర్లు అర్ధరాత్రి పరుగులు మానేశారు, మధ్యలో ఆగిపోయే ప్రయత్నాలు బాగా తగ్గాయి.

ఆ పద్ధతిలో భారం మాత్రం ఆడమనిషి మీద పడింది. నకలు సూది మొదటి రోజుల్లో పీయూష గ్రంథిని రెచ్చగొట్టి, ఆ తర్వాతే నిద్రపుచ్చుతుంది. అందుకని ముందు నెల ఇరవై ఒకటో రోజు నుంచే మొదలుపెట్టి, రెండు మూడు వారాలు రోజూ పొడిపించుకోవాలి. ఒళ్లంతా ఆవిర్లు, తలనొప్పి, నిద్ర పట్టకపోవడం, ముట్లుడిగే వయసు బాధలన్నీ ముప్పై ఏళ్లకే. ఆ తర్వాత గుడ్లు పెంచే సూదులు పది పన్నెండు రోజులు. పీసీఓడీ ఉన్నవాళ్లకు అండాశయాలు ఉబ్బి, కడుపులో నీరు చేరి, ఊపిరాడని ప్రమాదం ఉండేది. ఓహెచ్‌ఎస్‌ఎస్ అనే ఆ స్థితిలో ప్రాణాలు పోయినవాళ్లూ ఉన్నారు.

పూస మార్చి పూస గుచ్చి

నిద్రపుచ్చడానికి వారాలు వెచ్చించే బదులు, తాళం రంధ్రంలో తిరగని తాళంచెవి పెట్టేస్తే? అసలు తాళంచెవి లోపలికి వెళ్లదు, తలుపూ తెరుచుకోదు. అదే యాంటగనిస్ట్ ఆలోచన. గిల్లెమిన్ దగ్గర పనిచేసిన వైలీ వేల్, జాన్ రివియే బృందం 1972లోనే దాని మొదటి రూపం చేసింది. పది పూసల దండలో రెండో పూస తీసేసి చూశారు. అది తాళం లాంటి గ్రాహకానికి అంటుకుంది కానీ పని చేయించలేదు. పట్టు మాత్రం బలహీనం.

ఈ చోట ఒక సంగతి తెలిశాక నేను చాలాసేపు చదవడం ఆపేశాను. ఆ పరిశోధనకు అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో డబ్బిచ్చి నడిపించింది గర్భనిరోధక పరిశోధన విభాగం. వాళ్లు వెతికింది పిల్లలు పుట్టకుండా ఆపే మందు. గుడ్డు విడుదల ఆగితే గర్భం రాదు కదా! ఏళ్ల తరబడి వందలకొద్దీ అణువులు చేయించారు. ఆ ఆశ నెరవేరలేదు. అదే అణువు చివరికి పిల్లల కోసం ఎదురుచూసే ఇళ్ల ఫ్రిజ్‌లలోకి చేరింది.

మధ్యలో ఒక పెద్ద ఆటంకం. 1980ల్లో చేసిన బలమైన యాంటగనిస్టులు ఎల్‌హెచ్‌ను బాగానే ఆపాయి. కానీ వాటిని ఎక్కించిన ఎలుకల మొహాలు, కాళ్లు వాచిపోయాయి. చర్మంలోని కణాలు హిస్టమిన్ అనే రసాయనాన్ని ఒలకబోస్తున్నాయని తేలింది. తేనెటీగ కుట్టినచోట వాపు తెచ్చేది కూడా హిస్టమినే. మనుషులకు అలా జరిగితే ఊపిరి ఆగే ప్రమాదం. కారణం వెతికితే ఆరో పూస దగ్గర తేలింది. పట్టు పెంచడానికి అక్కడ పెట్టిన ఆర్జినిన్ రకం పూస విద్యుదావేశం, దండ మొదట్లోని కొవ్వుగుణపు పూసలు, ఈ రెండూ కలిసి ఆ వాపు తెస్తున్నాయి.

షాలీ ప్రయోగశాలలో హంగేరీ శాస్త్రవేత్త షాండర్ బాయుస్‌తో కలిసి చేసిన ఒక అణువులో ఆరో చోట ఆవేశం లేని సిట్రులిన్ పెట్టారు. పదిలో ఐదు పూసలు అద్దంలో ప్రతిబింబం లాంటి తిరగరూపంలో ఉన్నాయి. మన ఒంట్లోని ఎంజైములు అసలు హార్మోన్‌ను నిమిషాల్లో ముక్కలు చేస్తాయి, ఈ తిరగరూపాన్ని అంత తేలిగ్గా కోయలేవు. పట్టు గట్టిగా నిలిచింది, వాపు రాలేదు. 1988లో బయటికొచ్చిన ఆ అణువే సెట్రోరెలిక్స్. చెల్లెలి గాజుసీసాలోని తెల్లపొడి అదే. ఆవేశాన్ని కప్పిపెట్టే ఇంకో ఉపాయంతో సింటెక్స్ కంపెనీలో తయారైంది గానిరెలిక్స్.

ఈ పూసల మాట మరిదికి చెబితే కాసేపు ఆలోచించి, "మా పనీ అంతే వదినా. పెదవి దగ్గర ఒక్క పెచ్చు అటూ ఇటూ అయితే నవ్వే దేవుడు కోపంగా కనపడతాడు. రాయి మొత్తం అదే, మారేది ఆ ఒక్క పెచ్చే" అన్నాడు. నేను చదివిన ఏ వివరణ కన్నా ఆ మాట నాకు బాగా అర్థమైంది.

ఎంత ఇవ్వాలి, ఎప్పుడివ్వాలి

అణువు దొరికాక కొలత తేలాలి. జర్మనీలో క్లాస్ డీడ్రిష్, రికార్డో ఫెల్బర్‌బామ్ బృందం రోజుకో చిన్న మోతాదు ఇచ్చే పద్ధతి తీర్చిదిద్దింది. అది 0.25 మిల్లీగ్రాముల దగ్గర స్థిరపడింది. ఫ్రాన్స్‌లో ఫ్రాంస్వా ఒలివెన్, రెనే ఫ్రిడ్‌మాన్ ఒకేసారి 3 మిల్లీగ్రాములు ఇచ్చి చూశారు. గానిరెలిక్స్‌కు మూడు వందలకు పైగా స్త్రీలతో ఆరు మోతాదులు పోల్చారు. మరీ తక్కువ మోతాదులో ఎల్‌హెచ్ ఎగదన్నింది. మరీ ఎక్కువ మోతాదులో గర్భాలు నిలవడం తగ్గింది. మధ్యలో 0.25 మిల్లీగ్రాముల దగ్గర రెండూ కుదిరాయి. ఒక మిల్లీగ్రాములో నాలుగో వంతు! ఆ ఫలితాలు వచ్చింది 1998లో. మరుసటి ఏడాది, 1999లో, గానిరెలిక్స్‌కు అమెరికాలో, సెట్రోరెలిక్స్‌కు ఐరోపాలో అనుమతి దొరికింది.

మొదట్లో వైద్యులు వెనకాడారు. తొలి పరీక్షల్లో గర్భాలు పాత పద్ధతి కన్నా కొంచెం తక్కువ కనిపించాయి. నమ్మకం కుదరడానికి ఏళ్లు పట్టింది. కైరోకు చెందిన హెషామ్ అల్ ఇనానీ బృందం 2016లో 73 పరీక్షల్ని, పన్నెండు వేల మందికి పైగా స్త్రీల ఫలితాల్ని కలిపి చూసింది. బిడ్డ పుట్టే అవకాశంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఓహెచ్‌ఎస్‌ఎస్ మాత్రం బాగా తగ్గింది.

ఇంకో మేలు అనుకోకుండా దక్కింది. పాత పద్ధతిలో పీయూష గ్రంథి నిద్రలో ఉంటుంది కాబట్టి, చివర్లో గుడ్లు పండించడానికి హెచ్‌సీజీ సూదే దిక్కు. అది రోజుల తరబడి రక్తంలో ఉండి అండాశయాల్ని ఉబ్బిస్తుంది. యాంటగనిస్ట్ పద్ధతిలో గ్రంథి మేలుకునే ఉంటుంది, తలుపుకు అడ్డం మాత్రమే పడింది. కాబట్టి ట్రిగ్గర్‌గా, అంటే గుడ్లు పండించే ఆ చివరి సూదిగా, పాత నకలు సూదినే ఒక్కసారి వేస్తే, అది అడ్డాన్ని తోసుకుని సహజమైన ఎల్‌హెచ్ ఉప్పెనను తెప్పిస్తుంది. ఆ ఉప్పెన త్వరగానే తగ్గిపోతుంది. కడుపుబ్బరం ప్రమాదం దాదాపు పోయింది. పీసీఓడీ ఉన్న ఆడపిల్లకు ఇది ప్రాణరక్షణే.

నంద్యాల దారిలో

ఇప్పుడు చెల్లెలి లెక్క ఇది. నెలసరి రెండో రోజు నంద్యాలలో స్కాన్, ఆ రోజు నుంచే పెంచే సూది. ఆరో రోజు నుంచి, లేదా పెద్ద ఫాలికల్ 14 మిల్లీమీటర్లు చేరినప్పటి నుంచి నిలిపే సూది, రోజూ ఒకే వేళకు. గానిరెలిక్స్ వాడేవాళ్లకు రెండు సూదుల మధ్య 30 గంటలు దాటకూడదు. పెద్ద ఫాలికల్స్ 18 మిల్లీమీటర్ల దగ్గరికొచ్చాక ట్రిగ్గర్. దాని తర్వాత 34 నుంచి 36 గంటల మధ్య గుడ్లు తీస్తారు. అంతా కలిపి రెండు వారాల లోపు. లాంగ్ ప్రోటోకాల్‌లో నెలకు పైగా పట్టేది. రోజుకూలి వదులుకునే భర్త, సెలవు దొరకని అంగన్‌వాడీ ఉద్యోగంలో భార్య ఉన్న ఇంట్లో, ఆ మిగిలిన వారాలకు చాలా విలువ.

మందు కొన్న రోజు నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు బస్సులో నేనూ ఉన్నాను. నలభై కిలోమీటర్ల దారి. సిరివెళ్ల దాటేదాకా నిలబడే వచ్చాం. మందులషాపు వాళ్లిచ్చిన థర్మకోల్ పెట్టెలో ఐసు ముక్కల మధ్య ఆ అట్టపెట్టెలు ఉన్నాయి. చెల్లెలు ఆ పెట్టెను చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో గుండెకు ఆనించుకుంది. బయట ఎండ నిప్పులు కక్కుతోంది. సీటులో ఉన్న ఒక పెద్దామె చూసి, ఏమీ అడగకుండా, పక్కకు జరిగి చోటిచ్చింది.

ఈ సూదుల ఖర్చు తక్కువేమీ కాదు. అందుకే షాంఘైలో యాన్‌పింగ్ క్వాంగ్ బృందం 2015లో చూపించిన దారి మీద నాకు ఆశ ఉంది. ప్రొజెస్టిరాన్ జాతి మాత్రలు నోటితో మింగించినా ఎల్‌హెచ్ ఉప్పెన ఆగుతుందని వాళ్లు నిరూపించారు. గర్భసంచి లోపలి పొర ముందే మారిపోతుంది కాబట్టి పిండాల్ని అదే నెలలో పెట్టరు, గడ్డకట్టించి తర్వాత పెట్టాలి. అయినా మాత్ర చవక, పొడుచుకునే బాధ లేదు, ఫ్రిజ్ అక్కర్లేదు. గుడ్లు దానమిచ్చే స్త్రీలకు అది మరీ మేలు. 2019లో గుంటూరులో డెబ్బై దాటిన తల్లి కవలల్ని కన్న వార్త మనమంతా విన్నాం. అటువంటి కాన్పులో గుడ్డు ఇంకో స్త్రీది, సూదులు పొడిపించుకునేదీ ఆ ఇంకో స్త్రీయే. 2021లో వచ్చిన చట్టం ఈ వైద్యం తీసుకునే స్త్రీకి 50 ఏళ్ల హద్దు పెట్టింది. దాత 23 నుంచి 35 ఏళ్ల మధ్య ఉండాలని, జీవితంలో ఒక్కసారే ఇవ్వాలని, ఏడుకు మించి గుడ్లు తీయకూడదని చెప్పింది. ఆ దాత ఆరోగ్యాన్ని కాపాడేది చట్టంతో పాటు, అండాశయాలు ఉబ్బకుండా చేసే ఈ యాంటగనిస్ట్ పద్ధతే.

ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. చెల్లెలి రిపోర్టులన్నీ బాగానే ఉన్నాయి. లోపం మరిది వీర్యకణాల లెక్కలో ఉంది. అయినా సూదులన్నీ ఆమె పొట్టకే. పెళ్లిళ్లలో, పేరంటాల్లో "ఇంకా ఏమీ లేదా?" అన్న ప్రశ్న కూడా ఆమెకే. ఆ సంగతి మా చిన్నమ్మకు, ఇరుగుపొరుగుకు నోరు తెరిచి చెప్పినవాడు మరిదే. "లోపం నాదమ్మా, నొప్పి దానిది" అన్నాడు. ఆ రోజు నుంచి ఆ వీధిలో ఆమెను ఎవరూ ఏమీ అనలేదు.

గుడ్లు తీసే రోజు పొద్దున్నే నంద్యాల వెళ్లాం. పదకొండింటికి నర్సమ్మ బయటికొచ్చి, "తొమ్మిది వచ్చినాయి. ఒక్కటి కూడా ముందే పోలేదు" అంది. బిడ్డ పుడతాడా లేదా అన్నది ఇంకా చాలా మెట్ల అవతలి మాట. గుడ్డు కలవాలి, పిండం ఎదగాలి, నిలవాలి. కానీ మా టీచరమ్మ ఆగిపోయిన మెట్టు మాత్రం దాటేశాం.

ఇంటికొచ్చాక నేను నంద్యాలలోని ఆ టీచరమ్మకు ఫోన్ చేశాను. ఇప్పుడు డెబ్బై దగ్గరికొచ్చింది. పందుల మెదళ్ల గురించీ, వాచిన ఎలుకల గురించీ, ఆరో పూస గురించీ చెప్పి, "ఆ రోజు బస్సులో తిరిగినందుకు కాదు పిన్నీ. ఆ ఉప్పెనను ఆపే మందు అప్పటికి మన దాకా రాలేదు, అంతే" అన్నాను. అటువైపు చాలాసేపు మాట లేదు. తర్వాత, "నీ చెల్లెలికి రేపు ఏ సూదీ లేదు కదా? అయితే నేనొచ్చి చూసిపోతా. చలువకని బార్లీ జావ కాచి తెస్తా" అంది.